అగ్గి ఎక్కడ పుట్టింది?

పోయిన నెల ఈ పేజీలో, కాలిపోయిన చోటికి వెళ్లినప్పుడు మా ఫైర్ వాళ్లు ఏమేం చూస్తారో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చాలావరకు కడుపు మండి రాసినవే. ఇల్లు కాలినవాళ్లు, కొట్టు కాలినవాళ్లు, పొగాకు ఎండబెట్టే బ్యారన్ కాలినవాళ్లు. కొన్నింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. నన్ను ఎరగనివాళ్ల కోసం ఒక మాట: కందుకూరులో ఫైర్‌మన్‌గా చేరాను, ఒంగోలు, కావలి తిరిగి నెల్లూరులో స్టేషన్ ఆఫీసరుగా దిగిపోయాను. నీళ్లు పోసే అలవాటు పోలేదు. ఇప్పుడు మల్లెచెట్లకి పోస్తున్నాను.

ప్రశ్న: మాది బట్టల కొట్టు. రాత్రి రెండింటప్పుడు తగలబడింది. తెల్లారి పేపర్లో 'షార్ట్ సర్క్యూట్' అని వేశారు. కరెంటు వాళ్లేమో లైను బాగానే ఉందంటారు. ఇన్సూరెన్స్ సర్వేయరు ఇంకా ఏమీ తేలలేదంటున్నాడు. పేపరోళ్లకి తెల్లారేలోపే ఎట్టా తెలిసింది సార్?
– ఒక వ్యాపారి, కావలి

జవాబు: వాళ్లకి తెలియలేదయ్యా. విలేకరి ఫోన్ చేసి 'కారణం ఏంది సార్' అంటాడు. రాత్రంతా నీళ్లు కొట్టి, తడిసిన బూట్లతో నిలబడి ఉన్న మావాడి నోటికొచ్చేది 'షార్ట్ సర్క్యూట్ అయ్యుండొచ్చు' అన్న మాట. అచ్చులోకి ఎక్కేసరికి ఆ 'అయ్యుండొచ్చు' రాలిపోతుంది. నేనూ ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ముందు తేలాల్సింది అగ్గి ఎక్కడ పుట్టిందన్నది. మా భాషలో దాన్ని ఆరిజిన్ అంటారు. ఎందుకు పుట్టిందనేది ఆ తర్వాతి సంగతి. చోటు తెలియకుండా కారణం చెప్పేవాడు చేను చూడకుండా దిగుబడి చెప్పేవాడి లాంటివాడు. ఇక కారణమంటే ఒక వస్తువు పేరు చెప్పేస్తే సరిపోదు. వేడి ఎక్కణ్ణించి వచ్చింది, ఆ వేడికి మొట్టమొదట అంటుకున్నదేది, ఆ రెండూ ఎట్లా కలిశాయి, ఈ మూడూ చెప్పాలి. 'స్విచ్ బోర్డు' అంటే చాలదు. స్విచ్ బోర్డులో వదులైన వైరు వేడెక్కి, దానికి ఆనించి పెట్టిన చీరల అట్టపెట్టె అంటుకుంది అంటే, అది కారణం.

చోటు కోసం గోడలు చదువుతాం. మంట పైకి పోతూ పక్కలకి విచ్చుకుంటుంది కాబట్టి గోడ మీద మచ్చ గరాటు ఆకారంలో పడుతుంది. గరాటు కొన ఎక్కడుంటే అగ్గి అక్కడే మొదలైందని వేలు పెట్టి చూపించేస్తారు చాలామంది. తొందర పడకూడదు. పైనుంచి కాలుతూ కిందపడిన కర్టెను కూడా గోడ మీద అట్లాంటి గరాటే గీస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. గది మొత్తం అంటుకున్నాక బాగా కాలేది గాలి దొరికిన చోటు. తలుపు పక్కన, కిటికీ కింద మసి కూడా కాలిపోయి గోడ తెల్లగా ఉంటుంది. అగ్గి పుట్టింది మాత్రం ఎక్కడో చీకటి మూల అయ్యుంటుంది. 'ఎక్కువ కాలిన చోటే మొదలు' అన్న లెక్క అందుకే తప్పుతుంది.

ఇప్పుడు మీ షార్ట్ సర్క్యూట్ సంగతి. కరెంటు ఉండగా కాలిన ఇళ్లలో చాలావాటిల్లో షార్ట్ సర్క్యూట్ గుర్తులు దొరుకుతాయి. మంటకి వైరు మీది తొడుగు కరిగిపోతుంది, లోపలి తీగలు తగులుకుని మెరుపు కొడతాయి. అంటే అగ్గి వల్ల షార్ట్ సర్క్యూట్ అయింది, షార్ట్ సర్క్యూట్ వల్ల అగ్గి కాదు. రెంటిలో ఏది ముందో చూడాలి. మెరుపు కొట్టిన చోట తీగ కొసన ఆవగింజంత గుండ్రటి పూస ఉంటుంది, దాని పక్కనే తీగ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఉత్త మంటకి కరిగిన తీగ అయితే సాగి, సన్నబడి, కొవ్వొత్తిలా కారి ఉంటుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెంటీగ్రేడు కావాలి, అల్యూమినియం 660కే కారిపోతుంది. అందుకే పాత అల్యూమినియం వైరింగు ఉన్న ఇళ్లలో మాకు చూడ్డానికి ఏమీ మిగలదు.

పూస చూసి 'ఈ తీగ తెగినప్పుడు ఇందులో కరెంటు ఉంది' అని చెప్పొచ్చు. 'అగ్గి పెట్టింది ఇదే' అని పూస ఒక్కటే చెప్పలేదు. అట్లాగని పారేసేది కాదు. ఒకే లైనులో నాలుగు చోట్ల మెరుపు గుర్తులుంటే, మెయిన్ బోర్డుకి అన్నిటికన్నా దూరంగా ఉన్నదాని దగ్గర మేం మోకాళ్ల మీద కూర్చుంటాం. బోర్డుకి దగ్గర్లో ముందే తెగి ఉంటే దూరపు చోటికి కరెంటే పోదు కదా, అక్కడ మెరుపెట్లా కొడుతుంది?

ఇంకొకటి. షార్ట్ సర్క్యూట్ అయితే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తాను లైను ఆపేసే స్విచ్, పడిపోవాలి. కొట్లలో నేను ఎక్కువగా చూసింది వదులు జాయింటు. స్క్రూ వదులైన చోట వేడి పుడుతుంది గానీ లైను మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగదు. ఎంసీబీకి ఏమీ తెలియదు, హాయిగా నిలబడి ఉంటుంది. మీ బోర్డులో ఏమన్నా మిగిలి ఉంటే ఏ స్విచ్ పైకుంది, ఏది కిందకుంది ఫోటో తీసి పెట్టండి. బూడిద ఊడ్చి కాలవలో పోయించకండి. నాకు కావాల్సింది ఎప్పుడూ ఆ ఊడ్చిన దాంట్లోనే ఉండేది. పాలసీ గురించి ఒక్క మాట: షార్ట్ అయిన మిషనుకి కలిగిన నష్టానికి డబ్బు రాదని సాధారణంగా మినహాయింపు ఉంటుంది, అక్కణ్ణించి పాకిన అగ్గికి ఆ మినహాయింపు వర్తించదు. మీ కాగితం ఎవరి చేతన్నా ఒకసారి చదివించుకోండి.

ప్రశ్న: మాది కొండపి వైపు పల్లె. పండగ తర్వాత మా పొగాకు బ్యారన్ తగలబడింది. పది నిమిషాల్లో కప్పు కూలిపోయింది, గోడకి సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. 'ఇంత జోరుగా కాలిందంటే పెట్రోలు పోసుంటారు, ఆ పెచ్చులే సాక్ష్యం' అని ఊరి పెద్ద ఒకాయన అన్నాడు. మాకు పక్క పొలం వాళ్లతో గట్టు తగాదా ఉంది. కేసు పెట్టమంటారా?
– పొగాకు రైతు

జవాబు: పెట్టేముందు నా తప్పొకటి వినండి. కందుకూరులో చేరిన కొత్తల్లో ఇట్లాంటి బ్యారన్‌కే వెళ్లాం. ఆర్పేశాక టార్చిలైటు వేసి చూస్తే గోడకి పెచ్చులూడి ఉన్నాయి. పెచ్చులూడితే నూనె పోసినట్టేనని సీనియర్లు చెప్పగా విన్నాను. ఊరంతా ఉండగా 'ఎవరో నూనె పోశారండీ' అన్నాను. ఖాకీ వేసుకున్నవాడు అంటే ఎవరు కాదంటారు? ఆ రైతుకి తమ్ముడితో పంపకాల గొడవ నడుస్తోంది. ఆ రాత్రి నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగులో తెలిసింది, పెచ్చులూడటానికి నూనెతో పనిలేదని. గోడలో ఉన్న తేమ ఆవిరై బయటికి తన్నుతుంది. పై పొర వేడికి ఉబ్బుతుంది, లోపలి పొర చల్లగానే ఉంటుంది, ఆ లాగులాటలో పెచ్చు ఊడుతుంది. వేడి గోడ మీద మేం కొట్టిన నీళ్లకీ ఊడుతుంది. ఆ ఆదివారమే బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. అన్న అప్పటికే పోయాడు. తమ్ముడికి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మజ్జిగ ఇచ్చి, బస్సుకి టైమవుతుందని పంపేశాడు.

'అంత జోరుగా' అన్న మాటకి వద్దాం. ఆకు మధ్యలోని కాడ ఎండే చివరి దశలో బ్యారన్ లోపల వేడి మీ లెక్కలో 160 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీటులో. సెంటీగ్రేడులో 71. ఆకు అప్పడంలా గలగలమంటూ కర్రల మీద కింద నుంచి కప్పుదాకా అంతస్తులుగా వేలాడుతుంటుంది. పొయ్యి దగ్గరి గొట్టం ఎర్రగా కాలుతుంటుంది. కాడ తెగి ఒక్క ఆకు దాని మీద పడితే చాలు. నిజానికి మంట ఆకుని కాల్చదు. వేడికి ఆకులోంచి ఆవిరి బయటికొస్తుంది, కాలేది అది. దాన్ని పైరోలిసిస్ అంటారు. కాలకుండా మిగిలిన ఆ ఆవిరంతా పొగగా కప్పు కింద పేరుకుంటుంది. పొగంటే మనం బూడిద అనుకుంటాం, అది ఇంకా కాలని సరుకు. ఆ పొగ పొర 600 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరికి వచ్చేసరికి, దాని వేడికి కింద ఉన్నవన్నీ ఒక్క ఊపున అంటుకుంటాయి. దీన్నే ఫ్లాషోవర్ అంటారు. చూసినవాడికి 'భగ్గుమంది' అనిపిస్తుంది, ఎవరో ఏదో పోశారనిపిస్తుంది.

ఈ అనుమానం మనకే కాదు. 1990లో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో ఒక ఇల్లు కాలి ఆరుగురు చనిపోయారు. అంత జోరుగా కాలిందంటే పెట్రోలే అని ఆ ఇంటాయన మీద కేసు పెట్టారు. తర్వాత ప్రాసిక్యూషన్ వాళ్లే అనుమానం తీర్చుకోడానికి పక్కనున్న అట్లాంటి ఇంట్లోనే సోఫాకి అగ్గి పెట్టి చూశారు. పెట్రోలు చుక్క లేదు. నాలుగైదు నిమిషాల్లో గది మొత్తం ఫ్లాషోవర్ అయింది. కేసు ఎత్తేశారు. ఆ ప్రయోగం జరక్కపోతే ఆయన గతి ఏమయ్యేదో ఆలోచించండి.

కాబట్టి ముందు ఈ సంగతులు చూసుకోండి. ఆ రాత్రి కాడ ఎండే దశా? గొట్టాల మీద ఆకు పడకుండా ఇనప వల పరిచారా, లేదా ఈ ఏడాదికి ఎందుకులే అని వదిలేశారా? మంటేసే మనిషి నిద్రపోయాడా? తిట్టకుండా అడిగితే చెప్తాడు. వీటన్నిటి తర్వాత కూడా అనుమానం నిలబడితే అప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్లండి. సరుకు నిలవ ఉంచే కట్టడానికి కావాలని నిప్పు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 326 కింద యావజ్జీవం దాకా శిక్ష పడే నేరం. పెచ్చులు చూసి మోపేంత చిన్నది కాదు.

ప్రశ్న: కాలిన ఇంట్లో కిటికీ అద్దం మీద సాలెగూడులా సన్న పగుళ్లుంటే పెట్రోలు వాడినట్టని ఒక వీడియోలో చూశాను. నిజమేనా అంకుల్?
– డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: కాదు బాబూ. అది మేం కొట్టిన నీళ్ల పని. వేడి అద్దం మీద చల్లటి నీళ్లు పడితే అట్లా చిట్లుతుంది. 1991లో కాలిఫోర్నియాలో ఓక్లాండ్ కొండల మీద ఇళ్లు కాలినప్పుడు ఆ అద్దాలు చూసినవాళ్లకి అనుమానం వచ్చి, తర్వాత ల్యాబులో పరీక్ష చేశారు. ఎంత గబగబా వేడెక్కించినా ఆ పగుళ్లు రాలేదు, నీళ్లు చల్లితేనే వచ్చాయి.

పెట్రోలు పోశారా లేదా అన్నది తేల్చేది ల్యాబే. అక్కడికి పంపేది సరిగ్గా పంపాలి. కాలిన గుడ్డనో మట్టినో మామూలు ప్లాస్టిక్ కవరులో కట్టి పంపిస్తారు. పెట్రోలు ఆవిరి ఆ కవరులోంచి జారుకుంటుంది. గట్టి మూత ఉన్న శుభ్రమైన డబ్బానో, గాజు సీసానో కావాలి. అనుమానం లేని మూల నుంచి కూడా ఒక నమూనా తీయాలి. స్పాంజి పరుపులు, ప్లాస్టిక్ కాలినా పెట్రోలుకి దగ్గరి పదార్థాలే వస్తాయి కాబట్టి, పోల్చి చూస్తే గానీ తెలియదు.

ప్రశ్న: ఎడగారు కోతప్పుడు వాన పడింది. తడిగడ్డే వామి వేశాం. ఇరవై రోజులకి తెల్లారుజామున అంటుకుంది. దగ్గర్లో మనిషి లేడు, కరెంటు లేదు. దిష్టి అంటున్నారు ఇంట్లో ఆడవాళ్లు.
– రైతు, కోవూరు

జవాబు: దిష్టి కాదు, తడి. తడిగడ్డిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి వల్ల వేడి పుడుతుంది. గడ్డి మందంగా ఉండటంతో ఆ వేడి బయటికి పోలేదు. 70 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వచ్చాక ఆ జీవులు చచ్చిపోతాయి. కానీ అప్పటికే గడ్డి గాలితో కలిసి తనంతట తాను వేడెక్కే స్థితికి వచ్చేస్తుంది. వారాల తరబడి లోపల్లోపల కుములుతుంది. వామి విప్పినప్పుడు నడిమధ్య నల్లటి గుహలా ఉండి, పైపొర చాలాచోట్ల పచ్చగానే ఉంటే అది లోపలి అగ్గి. బీడీ ముక్క పడి అంటుకున్నదైతే బయట నుంచి లోపలికి కాలుతుంది.

ఈసారి బెల్లం పాకం మాడిన వాసన గానీ, పొద్దున్నే వామి మీద ఆవిరి గానీ కనపడితే ఇనప కడ్డీ ఒకటి లోపలికి గుచ్చి కాసేపు ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే 101కి ఫోన్ చేయండి. నీళ్లు దగ్గర లేకుండా వామి విప్పొద్దు, గాలి తగిలిందంటే భగ్గుమంటుంది. పైకెక్కి తొక్కి చూడొద్దు, లోపల గుల్ల అయ్యుంటుంది.

ప్రశ్న: మా వీధిలో 'సిలిండర్ పేలింది' అన్నారు. వెళ్లి చూస్తే సిలిండర్ మచ్చ లేకుండా నిలబడి ఉంది. గోడేమో పడిపోయింది. ఇదేం విడ్డూరం?
– గృహిణి, గూడూరు

జవాబు: విడ్డూరమేం కాదమ్మా, మీ కళ్లు సరిగ్గానే చూశాయి. పేలింది సిలిండర్ కాదు, గదిలో నిండిన గ్యాసు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. ట్యూబులోంచి కారితే నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. గాలిలో నూటికి సుమారు 2 నుంచి 9 పాళ్లు గ్యాసు కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయినప్పుడు వచ్చే రవ్వయినా సరిపోతుంది. గోడ బయటికి ఒరుగుతుంది, కిటికీలు వీధిలో పడతాయి, కాలింది మాత్రం తక్కువే ఉంటుంది. నిజంగా సిలిండరే పేలితే ఇనుము పువ్వులా విచ్చుకుని చీలి ఉంటుంది. మంటల్లో చాలాసేపు మరిగితే అట్లా జరుగుతుంది.

అట్లాంటి చోట నేను మొదట చూసేది స్టవ్ నాబ్, రెగ్యులేటరు, ట్యూబు. బాధాకరం ఏమంటే నేను వెళ్లేసరికి ఎవరో మంచి మనసుతో అన్నీ కట్టేసి ఉంటారు.

ప్రశ్న: మా అక్క కూతురు కాలిపోయి చనిపోయింది. పిడికిళ్లు బిగించి, మోచేతులు వంచి, కొట్లాటకి దిగినట్టు ఉంది. ఎవరితోనో పెనుగులాడిందని మా వాళ్లంతా అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.
– పేరు, ఊరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ భంగిమ వేడి వల్ల వచ్చేది. కండరాలు బిగుసుకుపోయి చేతులు అట్లా ముడుచుకుంటాయి. బతికుండగా కాలినా, ప్రాణం పోయాక కాలినా అట్లాగే అవుతుంది. దాన్నిబట్టి పెనుగులాడిందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. చెప్పేవి వేరే ఉన్నాయి. శ్వాసనాళంలో మసి ఉందా, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉందా అన్నది చూస్తారు. ఉంటే మంటలప్పుడు ఊపిరి తీసుకుందని అర్థం. అవి లేకపోతే గట్టిగా అడగాల్సిన ప్రశ్నలుంటాయి. పోస్టుమార్టం రిపోర్టు కాపీ తీసుకోండి, తెలిసిన డాక్టరు దగ్గర కూర్చుని చదివించుకోండి. పెళ్లయి ఏడేళ్లలోపే అయితే శవపంచనామా తహసీల్దారు చేసి ఉంటారు, అదీ అడగండి. ఒంటరిగా వెళ్లొద్దు.

ప్రశ్న: మా కట్టెల అడితి కాలింది. ఫైర్ రిపోర్టులో 'కారణం తెలియలేదు' అని రాశారు. ఇన్నేళ్ల సర్వీసు ఉండి తెలియలేదు అని రాయడానికి సిగ్గనిపించదా మీకు?
– పాఠకుడు, కనిగిరి

జవాబు: మొదట్లో అనిపించేది. అందుకే షార్ట్ సర్క్యూట్ అని రాసేవాళ్లం.

తేలికైన దారి ఒకటి ఉంది. కరెంటు కాదు, వంట కాదు, పిడుగు కాదు, కాబట్టి మిగిలింది ఎవరో పెట్టారన్నదే అనేయొచ్చు. మిగిలిందానికి ఒక్క ఆధారం లేకపోయినా సరే. అమెరికా వాళ్లు ఈ పరిశోధనకి ఎన్‌ఎఫ్‌పీఏ 921 అనే మార్గదర్శకం 1992లో మొదటిసారి తెచ్చారు, మార్చి మార్చి ఇప్పటికీ వేస్తున్నారు. ఆ రకం తీర్మానం చెల్లదని అందులో ఉంది. చేతిలో ఉన్నదాంతో తేలకపోతే 'తెలియలేదు' అని రాయమనే చెప్తుంది.

నెల్లూరులో ఒక గోడౌను కాలింది. రెండు రోజులు బూడిద జల్లెడ పట్టాం. అగ్గి పుట్టింది ఈశాన్యం మూల, నాలుగు గజాల లోపే అని తేలింది. ఆ నాలుగు గజాల్లో ఒక స్విచ్ బోర్డు ఉంది, దోమల చుట్ట పెట్టే రేకు ఉంది, వాచ్‌మన్ మంచం ఉంది. వాచ్‌మన్ బీడీ తాగుతాడు. మూడూ సాధ్యమే. ఒకదాన్ని నిలబెట్టి రెంటిని కొట్టేసే ఆధారం దొరకలేదు. పైన ఉన్నాయన ఏదో ఒకటి రాయవయ్యా అన్నాడు. ఓనరు వాచ్‌మన్ పేరు రాయమన్నాడు. నేను 'ఆరిజిన్ ఈశాన్యం మూల, కారణం తెలియలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఓనరు మళ్లీ నాతో మాట్లాడలేదు.

వాచ్‌మన్ మొన్న రైతుబజారు దగ్గర ఎదురుపడ్డాడు. నన్ను చూడగానే బీడీ వీపు వెనక్కి దాచాడు. 'ఆర్పి దాచయ్యా, చొక్కా అంటుకుంటుంది' అన్నాను.